మా బడి వాన పుస్తకం

2023 జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం. రోహిణి కార్తె దాటి మృగశిర వచ్చేసినా ఎండ తగ్గలేదు. వడగాడ్పుల వల్ల ఆ వారం ఒంటిపూట బడే నడిపాం. సరిగ్గా ఆ రోజుల్లోనే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి పరిసరాల విజ్ఞానంలో వాతావరణం గురించి చెప్పాలనుకున్నాను. ఆ పాఠం ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. డిసెంబరు దాకా సాగింది.

నేను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని, అంటే ఎస్‌జీటీని. ఇద్దరం టీచర్లం. పై మూడు తరగతులూ నా గదిలోనే కూర్చుంటాయి. తూర్పున సముద్రం, వాయవ్యాన దూరంగా మహేంద్రగిరి కొండలు, మధ్యలో కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్దానం అంటే ఇదే. పిల్లల్లో సగం మంది నాన్నలు వేటకెళ్తారు, మిగతావాళ్ళవి తోటలు, కొద్దిపాటి వరి.

మొదటి రోజు బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'వాతావరణం' అని రాసి, కింద నిర్వచనం రాశాను. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకున్నారు. "ఈ రోజు వాతావరణం ఎలా ఉంది?" అని అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు. పుస్తకం తిరగేసి జవాబు ఎక్కడుందో వెతుకుతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న ఒకడు మాత్రం పక్కవాడితో, "ఎండ దంచేస్తంది కదరా, గాలే నేదు" అన్నాడు.

నాకు కావలసిన జవాబు అదే. వాడు నాకు చెప్పలేదు, పక్కవాడికి చెప్పాడు. ఎందుకంటే నేను అడిగిన మాట వాళ్ళ ఇంట్లో ఎవరూ వాడరు. ప్రశ్న మార్చాను. "బయట ఎలా ఉందర్రా?" అన్నాను. ఇక ఆగలేదు. "ఉక్కగా ఉంది టీచర్." "సముద్రం వైపు మబ్బేసింది." "రాత్రి మా తాత అరుగు మీద పడుకున్నా చెమట పట్టేసింది." వేడి, తేమ, గాలి, మబ్బు అన్నీ వాళ్ళ నోట్లోనే ఉన్నాయి. బోర్డు తుడిచేసి ఐదు మాటలు రాశాను: ఎండ, ఉక్క, గాలి, మబ్బు, వాన. ఈ ఐదూ కలిపి ఇవాళ ఇక్కడ ఎలా ఉన్నాయో చెబితే అదే వాతావరణం అన్నాను. ఏళ్ళ తరబడి ఒక చోట ఇవి ఎలా ఉంటూ వచ్చాయో చెబితే శీతోష్ణస్థితి. ఈ రెండో మాట ఐదో తరగతికే చెప్పాను. మూడో తరగతికి అప్పుడే అక్కర్లేదు.

మర్నాడు గాలి బొమ్మ వెయ్యమన్నాను. ఎక్కువమంది గాలిపటాలు, ఊగే చెట్లు వేశారు. ఐదో తరగతి పాప ఒకతి కాగితం నిండా అడ్డంగా పడిపోయిన కొబ్బరి చెట్లు వేసింది. ఒక్క చెట్టూ నిలబడి లేదు. "ఏంటమ్మా ఇది?" అంటే, "తిత్లీ" అంది. ఇంకేమీ అనలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఉద్దానంలో తోటలకి తోటలే నేలకొరిగాయి. ఆ పాపకి అప్పుడు ఐదేళ్ళు. వాళ్ళ నాన్న తోట పోయింది. మళ్ళీ మొక్కలు పెట్టారు కానీ కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆకాశం నల్లబడితే ఈ పిల్ల కిటికీ రెక్కలు మూసేసి, చెవులు మూసుకుని నా కుర్చీ వెనక నిలబడేది. నేను ఆ బడికి వచ్చిన కొత్తలో అది అల్లరి అనుకుని ఒకసారి కోప్పడ్డాను కూడా. ఆ బొమ్మ చూశాక చాలా బాధపడ్డాను.

అప్పుడే నిర్ణయించుకున్నాను. మా ఊరి పిల్లలకి వాతావరణం అంటే ముందు భయం. ఆ భయాన్ని ధైర్యం చెప్పి పోగొట్టలేను, ఎందుకంటే తుపాను నిజంగానే మళ్ళీ వస్తుంది. రోజూ ఆకాశాన్ని చూసి, కొలిచి, రాసే అలవాటు చెయ్యగలను. చూసిన దాన్ని గుర్తుపట్టడం వస్తే, వచ్చేది ఎంతటిదో కూడా తెలుస్తుంది.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. అట్ట మీద పిల్లలే 'వాన పుస్తకం' అని రాశారు. రోజుకి ఒక వరస, ఐదు గడులు. ప్రార్థన అయ్యాక తొమ్మిది గంటలకి ఇద్దరు పిల్లలు బయటికెళ్ళి చూసి రాయాలి, వారానికి ఒక జంట. వాతావరణ శాఖ వాళ్ళు వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నరకి తీస్తారు, ఒక రోజు ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా పడింది ఒక రోజు వాన. మా పిల్లలు ఆ వేళకి బడికి చేరరు కాబట్టి తొమ్మిది పెట్టుకున్నాం. ముఖ్యం ఏమిటంటే రోజూ ఒకే వేళ.

వాన కొలవడానికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పై భాగం కోసి, ఆ కోసిన ముక్కనే తలకిందులుగా గరాటులా లోపల పెట్టాం. బయట స్కేలు కాగితం అతికించాం. ఇది చాలామంది టీచర్లు చేయించేదే. కానీ మాకు మూడు సార్లు తప్పింది, ఆ తప్పుల దగ్గరే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు.

మొదటిది, సీసా అడుగు చదునుగా ఉండదు, గుంటలు గుంటలుగా ఉంటుంది. కాస్త వాన పడితే నీళ్ళన్నీ ఆ గుంటల్లోకే పోయి స్కేలు మీద ఏమీ కనబడలేదు. గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ నీటిమట్టం దగ్గర సున్నా పెట్టాం. ఎండకి ఆ నీళ్ళు తగ్గుతాయి కాబట్టి రోజూ పొద్దున కొలిచాక మళ్ళీ సున్నా దాకా సరిచెయ్యాలి. రెండోది, దాన్ని వరండా చూరు దగ్గర పెట్టాం. ఆ రోజు వచ్చింది జల్లే అయినా సీసా సగం నిండింది. "ఇంత వర్సం పడితే మా ఇంటి ముందర బురద ఉండాలి కదా టీచర్, నేదు" అని నాలుగో తరగతి పిల్ల అంది. చూరు నీళ్ళు కారి నిండిందని వాళ్ళే కనిపెట్టారు. ఆట స్థలం మధ్యలోకి, చెట్టుకీ గోడకీ దూరంగా మార్చాం. మూడోది, గాలికి పడిపోయింది. చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చాం. అప్పటి నుంచి కదల్లేదు.

స్కేలు మీద మిల్లీమీటర్లు చదవడం వచ్చింది గానీ, 'పది మిల్లీమీటర్ల వాన' అంటే ఎంత నీరో వాళ్ళకి తట్టలేదు. సీసాలో వేలెడు కూడా లేదు, ఇదేం వాన అన్నారు. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఇది చెప్పి వదిలేస్తే లాభం లేదు. మా బడి డాబా టేపుతో కొలిపించాను. పన్నెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఐదో తరగతి వాళ్ళు వైశాల్యం 72 చదరపు మీటర్లని కట్టారు. పది మిల్లీమీటర్ల వానకి 720 లీటర్లు. మా మధ్యాహ్న భోజనం దగ్గర వాడే బకెట్ పదిహేను లీటర్లది. "నలభై ఎనిమిది బకెట్లు!" అని లెక్క ముందుగా తేల్చిన పిల్లాడు గట్టిగా అరిచాడు. వంట చేసే ఆమెని మేమంతా అప్ప అనే పిలుస్తాం. ఆమె బయటికొచ్చి, "ఏటి బాబూ, అన్ని బకెట్లు ఎవులు మొయ్యాల?" అంది. ఆ రోజు నుంచి డాబా గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టింది అప్పే.

ఆగస్టు నెల మాత్రం చాలా కష్టంగా గడిచింది. 2023 ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు అని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. మా సీసాలోనూ రోజుల తరబడి సున్నా. సున్నా, సున్నా, సున్నా. పిల్లలకి విసుగొచ్చింది. ఒక రోజు పుస్తకంలో ఏడు మిల్లీమీటర్లు అని ఉంది. నేను పలాస నుంచి స్కూటీ మీద వస్తాను, దారి పొడవునా రోడ్డు పొడిగా ఉంది. ఊళ్ళోవాళ్ళని అడిగితే చుక్క పడలేదన్నారు. ఆ వారం వంతు నాలుగో తరగతి పిల్లాడిది. పక్కకి పిలిచి మెల్లగా అడిగాను. కొంచెంసేపు కాలి బొటనవేలితో మట్టి గీకి, "బోరింగు దగ్గర నీళ్ళు పోసాను టీచర్. రోజూ సున్నా రాస్తే బాగోదు కదా" అన్నాడు.

కోప్పడలేదు. వాడికి పరీక్షలో సున్నా అంటే ఏమిటో తెలుసు. మేమే నేర్పాం, సున్నా అంటే సిగ్గు అని. ఆ పూట మిగతా పాఠాలు ఆపేసి సున్నా గురించే మాట్లాడాను. వాళ్ళ నాన్నకి వరి ఉంది. "నారు ఎలా ఉంది నాన్నా?" అన్నాను. "ఎర్రబడిపోతంది." "ఎందుకు ఎర్రబడుతోందని ఎవరైనా వచ్చి అడిగితే ఏం చూపిస్తావు? మన పుస్తకంలో ఏడు అని ఉంటే వాన పడిందంటారు కదా." వాడు ఆలోచించాడు. తర్వాత తనే ఏడు కొట్టేసి సున్నా పెట్టాడు. కొట్టేసినది అలాగే ఉంచమన్నాను, తెల్ల రంగు పుయ్యొద్దన్నాను. తప్పు దిద్దినట్టు కూడా పుస్తకంలో కనబడాలి. ఇంటర్లో ప్రాక్టికల్ రికార్డు దిద్దించుకోవడానికి ముందుగా రీడింగులు అనుకుని రాసేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ అలవాటు ఎనిమిదేళ్ళ వయసులోనే ఆగితే ఎంత మంచిదో అనిపించింది.

వేడి గడి కోసం ఒక పాప ఇంట్లోంచి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చింది. అది గాలి వేడికి పనికిరాదు, మన ఒంటి వేడి చుట్టుపక్కల, 35 నుంచి 42 డిగ్రీల మధ్యే చూపిస్తుంది. పలాసలో గోడకి తగిలించే థర్మామీటరు కొన్నాను. దాన్ని ముందు ఎండలో, తర్వాత వరండా నీడలో పెట్టి చూశాం. ఎండలో ఎర్ర గీత చాలా పైకి పోయింది. ఏది నిజం? పిల్లలు ఎండలోదే నిజమన్నారు, వేడి ఎక్కువుంది కాబట్టి. ఎండలో పెడితే గాలి వేడి కాదు, ఆ గాజుగొట్టం తిన్న ఎండ కొలిచినట్టు అవుతుంది. అందుకే వాతావరణ కేంద్రాల్లో తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా, ఎండ తగలకుండా పెడతారు. కళింగపట్నంలో అలాంటి కేంద్రం ఉంది. పేపర్లో కళింగపట్నం ఉష్ణోగ్రత వేసిన రోజు కత్తిరించి మా లెక్క పక్కన అతికించేవాళ్ళం. రెండూ ఒకటి కాకపోయినా దగ్గరగా ఉన్న రోజు పిల్లల మొహాలు వెలిగిపోయేవి.

గాలి వేగం కొలవడానికి మా దగ్గర ఏమీ లేదు. కాగితం కప్పులతో ఒక తిరుగుడు చేశాం, రెండు రోజుల్లో విరిగింది. 1805లో బ్రిటిష్ నౌకాదళంలో బ్యూఫోర్ట్ అనే అధికారి, యంత్రం లేకుండా చూపుతోనే గాలిని పోల్చే ఒక కొలత తయారుచేసుకున్నాడని నాకు తెలుసు. ఆయన ఓడ తెరచాపలు చూసి చెప్పాడు, మనకి కొబ్బరి చెట్టు ఉంది కదా అన్నాను. బడి ప్రహరీ బయట ఒక పొడుగు కొబ్బరి చెట్టుంది, తిత్లీకి తట్టుకుని నిలబడిన కొద్ది చెట్లలో ఒకటి. పిల్లలు దాన్ని వారం రోజులు చూసి మెట్లు వాళ్ళే పెట్టారు: ఆకు కదల్లేదు, ఆకు కదిలింది, మట్ట ఊగింది, చెట్టు వంగింది. ఆ తర్వాత ఏముంది అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆ ఐదో తరగతి పాప, "చెట్టు పడింది" అంది. అది కూడా రాశాం. ఐదో మెట్టు.

గాలి దిక్కుతో చాలా తికమక పడ్డారు. తూర్పు గాలి అంటే తూర్పుకి పోయే గాలి అనుకున్నారు. తూర్పు నుంచి వచ్చేది. స్ట్రా, గుండుసూది, అట్టముక్కతో చేసిన బాణం కూడా గాలి వచ్చే వైపే చూపిస్తుంది. ఈ సంగతి విడమరిచి చెప్పింది నేను కాదు, తెప్ప మీద వెళ్ళే ఒక పిల్లాడి తాత. ఆయన్ని ఒక రోజు బడికి రమ్మన్నాను. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రంలోకి గాలి వీస్తుంది, అప్పుడు తెరచాప ఎత్తి వెళ్ళేవాళ్ళం, మధ్యాహ్నం సముద్రం నుంచి ఒడ్డుకి గాలి తిరుగుతుంది, దానితో తిరిగి వచ్చేవాళ్ళం అని చెప్పాడు. "ఇప్పుడు ఇంజిన్లొచ్చీసాయి టీచరమ్మా, ఈ కుర్రగుంటలకి గాలి తెలీదు" అన్నాడు. ఆయన వెళ్ళాక ఒక పళ్ళెంలో ఇసుక, ఒక పళ్ళెంలో నీళ్ళు ఎండలో పెట్టాం. అరగంటకి ఇసుక మీద చెయ్యి పెట్టలేకపోయారు, నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. పగలు నేల త్వరగా వేడెక్కి అక్కడి గాలి తేలికై పైకి పోతుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి అంతా తిరగబడుతుంది. తాత చెప్పింది ముందు విని, పళ్ళెం తర్వాత చూడడం వల్ల ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

మబ్బు పాఠంలో నేనే సరిచేసుకోవాల్సింది ఒకటుంది. అన్నం గిన్నె మీద తెల్లగా లేచేదాన్ని చూపించి 'ఇదే నీటి ఆవిరి' అని ఇన్నేళ్ళూ చెప్పాను. నీటి ఆవిరి కంటికి కనబడదు. ఆ తెల్లగా కనబడేది ఆవిరి చల్లబడి మళ్ళీ సన్నటి నీటి బిందువులైనది. మబ్బు కూడా అంతే, ఆవిరి కాదు, గాలిలో తేలే సన్నటి బిందువులు, బాగా ఎత్తులో అయితే మంచు రవ్వలు. మా అప్ప గిన్నె మూత తీసి చూపిస్తూ, మూత లోపల కారే బొట్లని పిల్లల చేతుల మీద పడనిచ్చింది.

గాలిలో కనబడని నీరు ఉందని నమ్మించడం తేలిక కాలేదు. చేపల ఐస్ పెట్టెలోంచి కాస్త ఐస్ తెచ్చి స్టీలు గ్లాసులో వేశాం. బయట నీటి బొట్లు పట్టాయి. "గ్లాసు కారుతోంది" అని అందరూ ఒకే మాట. రెండో గ్లాసులో ఐసుతో పాటు పసుపు కలిపిన నీళ్ళు పోశాం. లోపలి నీళ్ళే బయటికొస్తే బొట్లు పసుపుగా ఉండాలి కదా. తెల్లకాగితంతో తుడిచి చూశారు. పసుపు లేదు. గది నిశ్శబ్దమైపోయింది. మూడో తరగతి పిల్లాడు, "అయితే ఎక్కడ్నుంచొచ్చాయి టీచర్?" అన్నాడు. ఆ ప్రశ్న రావడానికి ఎంతసేపైనా ఆగొచ్చు. జవాబు వెంటనే చెప్పలేదు, ఇంటికెళ్ళి ఆలోచించమన్నాను. మర్నాడు ఇద్దరు చెప్పారు, గాలిలోంచి అని.

పెద్దవాళ్ళ మాటలు సేకరించడం పిల్లలకి బాగా నచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు, చీమలు గుడ్లు మోసుకెళ్తే వాన, తూనీగలు కిందికి ఎగిరితే వాన, చంద్రుడికి దూరంగా గుడి కడితే దగ్గర్లో వాన. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసే టీచర్లున్నారు. నాకది నచ్చదు. అలాగని అన్నీ నిజమని ఒప్పుకోనూ లేం. ఒక్కో మాట పక్కన గడి పెట్టి, చీమలు గుడ్లు మోసిన రోజు గుర్తు వేసి, తర్వాతి రెండు రోజుల్లో వాన పడిందా లేదా రాశాం. పడిన రోజులున్నాయి, పడని రోజులూ ఉన్నాయి. ఇన్ని రోజుల లెక్కతో తేల్చలేమని పిల్లలే అన్నారు. చంద్రుడి గుడి సంగతి వేరు. బాగా ఎత్తులో ఉండే పల్చటి మబ్బులోని మంచు రవ్వల్లో వెలుగు వంగడం వల్ల ఆ వలయం వస్తుంది, ఆ మబ్బు వెనక ఒక్కోసారి వాన మబ్బులుంటాయి. ముసలమ్మలు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా చూశారో అనిపిస్తుంది.

సెప్టెంబరులో ఉరుముల వానలు మొదలయ్యాయి. జీడితోటల్లో పనిచేసేవాళ్ళూ పశువులు కాసేవాళ్ళూ పిడుగుకి చనిపోవడం మా వైపు కొత్త కాదు. ఉరుము వినబడగానే పిల్లలు "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అనడం మొదలుపెట్టారు. ఇంట్లో అమ్మమ్మలు నేర్పినదే. వద్దనలేదు. "మెరుపు కనబడగానే మొదలుపెట్టండి, ఉరుము వినబడగానే ఆపండి, ఎన్ని పేర్లు చెప్పారో లెక్కపెట్టండి" అన్నాను. మెరుపు వెలుగు వెంటనే కనబడుతుంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. నిదానంగా చెబితే పేరుకి ఒక సెకను, మూడు పేర్లకి ఒక కిలోమీటరు. ఒకసారి పది పేర్లూ అయిపోయాక ఉరుము వినబడింది, అంటే మూడు కిలోమీటర్ల పైన. మరోసారి 'పార్థ' దగ్గరే వినబడింది. అందరూ నా వైపు చూశారు. ఎన్ని పేర్లు పట్టినా సరే, ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు, చెట్టు కిందికి పరిగెత్తకూడదు, పక్కా ఇంట్లోకి వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఇది ఇంటికెళ్ళి నాన్నలకి చెప్పమన్నాను. చెప్పారు. ఒకాయన మర్నాడు గేటు దగ్గర ఆగి, "చెట్టు కిందకెళ్తే నా కూతురు తిట్టింది టీచర్ గారూ" అని చెప్పి వెళ్ళాడు.

ఆ పాప చెవులు మూసుకోవడం మానలేదు. కానీ పేర్లు లెక్కపెట్టడానికి ఒక చెవి వదిలేది.

అల్పపీడనం చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. సీసా మూతికి బెలూన్ కట్టి చేసే పీడన పరికరం ప్రయత్నించాను, అది పీడనం కంటే వేడికే ఎక్కువ కదిలింది, వదిలేశాను. ఆట స్థలంలో పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, మధ్యలోవాళ్ళని ఒక్కొక్కరినీ అవతలికి పంపి, ఖాళీ అయిన చోటికి చుట్టూ ఉన్నవాళ్ళు నెమ్మదిగా జరగమన్నాను. వెచ్చటి సముద్రం మీద గాలి పైకి లేచిపోతే చుట్టుపక్కల గాలి అలా వస్తుంది. భూమి తిరుగుతుండడం వల్ల ఆ వచ్చే గాలి తిన్నగా రాకుండా పక్కకి తిరిగి సుడి అవుతుంది, మన వైపు గడియారం ముల్లుకి ఎదురుగా. ఫోన్లో ఉపగ్రహ చిత్రం చూపించాను. తర్వాత మాటల మెట్లు: గాలి గంటకి 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం, 31 నుంచి వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, దానికి పేరు పెడతారు, 88 దాటితే తీవ్ర తుపాను, ఆ పైన ఇంకా మెట్లున్నాయి. టీవీలో 'అల్పపీడనం' అని వినగానే ఇళ్ళల్లో తుపానొచ్చేస్తోందని గాబరా పడతారు. అన్ని అల్పపీడనాలూ తుపాన్లు కావు. ఈ ఒక్క మాట పిల్లలకి ఎంత ఊరటనిచ్చిందో వాళ్ళ మొహాల్లో కనబడింది.

పేర్లు వాళ్ళకి భలే వింతగా తోచాయి. తిత్లీ అంటే సీతాకోకచిలుక, ఆ పేరు ఇచ్చింది పాకిస్థాన్. హుద్‌హుద్ (2014లో విశాఖని దెబ్బతీసిన తుపాను) ఒక పిట్ట పేరు, ఒమన్ ఇచ్చింది. "సీతాకోకచిలుక అని ఎందుకు పెట్టారు టీచర్, అంత చెడ్డదానికి?" అని పాప అడిగింది. చుట్టుపక్కల దేశాలు ముందుగానే పేర్ల జాబితా ఇస్తాయి, ఏది ఎంత పెద్దదవుతుందో అప్పటికి తెలీదు అని చెప్పాను. తిత్లీ కన్ను గురించి కూడా ఆ రోజే మాట్లాడాం. సుడి మధ్యలో గాలి ఆగిపోయే చోటుంటుంది, అది మన మీదుగా పోతే కాసేపు అంతా సద్దుమణిగినట్టుంటుంది, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరూ బయటికి రాకూడదు. పాప కాగితం మీద సుడి వేసి, మధ్యలో చుక్క పెట్టి, రెండు వైపులా బాణాలు వేసింది. ఈసారి చెట్లు వెయ్యలేదు.

డిసెంబరు మొదట్లో మిగ్‌జాం వచ్చింది. ఇంగ్లీషులో మిచాంగ్ అన్నట్టు రాసి మిగ్‌జాం అని పలుకుతారు, మయన్మార్ పెట్టిన పేరు. రోజూ పేపరు తెచ్చి చదివాం: అల్పపీడనం, వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను. పిల్లలు మ్యాపు మీద చుక్కలు పెట్టారు. చుక్కలు మా వైపు రావడం లేదు, బాపట్ల వైపు పోతున్నాయి. డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. మాకు వాన, గాలి వచ్చాయి, బడికి సెలవు ఇచ్చారు. పలాసలో ఇంట్లో కూర్చుని ఆ పాప గురించే ఆలోచించాను.

బడి తెరిచిన రోజు నేను వెళ్ళేసరికే ఇద్దరు పిల్లలు ఇటుకల దగ్గర వంగి ఉన్నారు. ఆ వారం వంతు ఆగస్టులో బోరింగు నీళ్ళు పోసిన పిల్లాడిదీ, ఆ పాపదీ. సీసాలో నీళ్ళు చాలానే ఉన్నాయి. పిల్లాడు నేల మీద మోకాళ్ళేసి, కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి చదివాడు. లేచి పుస్తకంలో రాశాడు. రాసి ఆగిపోయాడు. సెలవుల్లో సీసా ఎవరూ వంచలేదు, ఇదంతా ఒక రోజు వాన కాదు. నా వైపు చూశాడు, నేనేమీ అనలేదు. అంకె పక్కన చిన్న అక్షరాలతో 'ఇది మూడు రోజులది. మద్యలో కొలవలేదు' అని రాశాడు. 'ధ్య'కి బదులు 'ద్య' పడింది. దిద్దలేదు.

పుస్తకం పాపకిచ్చాడు. గాలి గడి ఆమె రాయాలి. సెలవు రెండు రోజులూ వాళ్ళ ఇంటి కిటికీలోంచి బడి పక్కన ఉన్న ఆ చెట్టునే చూస్తూ కూర్చున్నానని చెప్పింది. పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది: 'మట్ట ఊగింది. చెట్టు వంగలేదు.'